గనుల దగ్గర వదిలేసిన రైలు దారులు మన విజయనగరం వైపు ఉన్నాయా?

చీపురుపల్లి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అడిగిన సంగతి ఇది. ఆయన కొడుకు ఇంగ్లండులో డర్హాం దగ్గర ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు, బొగ్గు గనులు మూతపడ్డాక పట్టాలు తీసేసిన రైలు దారుల మీద ఆయన రోజూ నడిచారట. ఇంటి మేడమెట్లు ఎక్కలేని మోకాళ్ళతో పది కిలోమీటర్లు నడవగలిగానని ఆశ్చర్యపోయారు. మన ప్రాంతంలో అలాంటి దారులు ఉన్నాయా, సెలవులకు వచ్చే మనవడితో వెళ్ళవచ్చా, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

మాస్టారూ, ముందుగా మీకు నిరాశ కలిగించే మాట చెప్పేస్తాను. మన దగ్గర బొగ్గు లేదు. డర్హాంలో లాగా చదును చేసి, బోర్డులు పెట్టి, నడిచేవాళ్ళ కోసం వదిలిపెట్టిన రైలు దారి నాకు తెలిసి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక్కటీ లేదు. కానీ మనకు మాంగనీసు ఉంది, ఒక రాజుగారు సొంత డబ్బుతో వేయించిన చిన్న రైలు చరిత్ర ఉంది. పట్టాలు లేకపోయినా రైలు దారిని గుర్తుపట్టడం నేర్చుకుంటే చూడడానికి చాలానే ఉంది. నేను రైల్వేలో పట్టాల పనిలో ముప్పై నాలుగేళ్ళు గడిపాను. మొదటి తొమ్మిదేళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని ఆద్రా డివిజన్‌లో, బొగ్గు గనుల మధ్య. తర్వాత వాల్తేరు డివిజన్‌కు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. అప్పట్లో ఆ రెండూ ఒకే సౌత్ ఈస్టర్న్ రైల్వేలో ఉండేవి.

మీ మోకాళ్ళ సంగతి దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు కిటుకు అందులోనే ఉంది. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. వందడుగులు ముందుకు వెళ్ళేసరికి ఒక్క అడుగు ఎత్తు పెరిగినా, బరువు లాగే ఇంజనుకు అది గట్టి ఎక్కుడే. అందుకే రైలు వేసేవాడు కొండను ఎక్కడు. చుట్టి వెళ్తాడు. చుట్టడానికి వీలు లేకపోతే కోసుకుని వెళ్తాడు. ఆ కోసిన మట్టిని తెచ్చి పల్లంలో పోసి గట్టు కడతాడు. ఇంజను ఆయాసపడకూడదని ఎప్పుడో ఎవరో మోసిన మట్టి మీద మీరు నడిచారు. మేడమెట్ల ఎక్కుడు సుమారు ఒకటికి రెండు ఉంటుంది, అంటే రెండడుగులు ముందుకు వెళ్తే ఒకడుగు పైకి; మీరు నడిచిన దారి బహుశా ఒకటికి వంద. మీ కాలికి అది ఎక్కుడని తెలిసే అవకాశమే లేదు.

అయితే డర్హాంలో ఎక్కడైనా దారి ఉన్నట్టుండి నిటారుగా, బాణం వేసినట్టు కొండ మీదికి పోవడం చూశారా? చూసి ఉంటే అక్కడ ఇంజను నడవలేదని అర్థం. తాడు కట్టి లాగేవారు. ఇంకా తెలివైన పద్ధతి మరొకటి ఉండేది. కొండపైన గిలక బిగించి, బొగ్గు నింపిన బళ్ళు దిగుతుంటే వాటి బరువే రెండో కొసన ఉన్న ఖాళీ బళ్ళను పైకి లాగేది. గనులు ఎత్తున, ఓడలు ఆగే నది పల్లాన ఉన్న దేశం కాబట్టి అది కుదిరింది. ఆ ప్రాంతంలోనే కాజీ ఆర్చ్ అనే రాతి వంతెన ఉంది. 1725–26లో కట్టారు. అంటే ఆవిరి రైలింజన్ల కంటే ముందే. కర్రతో చేసిన పట్టాల మీద గుర్రాలు బొగ్గు బళ్ళు లాగడానికి కట్టిన వంతెన అది. స్టాక్టన్–డార్లింగ్టన్ రైల్వే 1825 సెప్టెంబరు 27న మొదలైంది. దాని మీద కూడా చాలాకాలం ఇంజన్లతో పాటు గుర్రాలూ పనిచేశాయి. 1828లో ఒక సదుపాయం చేశారు. దిగుడు వచ్చినప్పుడు గుర్రాన్ని విప్పి, వెనక తగిలించిన చిన్న బండిలో ఎక్కించేవారు. బళ్ళు వాటంతట అవే దొర్లుతుంటే గుర్రం వెనక నిలబడి గడ్డి నములుతూ ప్రయాణం చేసేది. మీ మనవడికి ఈ సంగతి చెప్పండి, మిగతావన్నీ మరిచినా ఇది మాత్రం మరిచిపోడు.

గనుల ప్రాంతంలో పాత రైలు దారి కనిపిస్తే నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: నింపిన బండి ఎటు వెళ్ళింది? ఊళ్ళను కలిపే రైలుకు రెండు వైపులా ఒకే పని. గని రైలుకు అలా కాదు. ఒక వైపు బరువు, రెండో వైపు ఖాళీ. కాబట్టి వేసేవాడు వాలును నింపిన బండి వైపు ఉంచుతాడు, మలుపు ఎక్కడ తిప్పాలన్నా దాన్ని చూసే తిప్పుతాడు. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, గట్టు మధ్యలో తెగిపోయి పొలాల్లో కలిసిపోయినా అవతలి కొసను ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు తవ్వకాలు 1890 దశకంలో మొదలయ్యాయి. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఇక్కడ. తూర్పు తీరం రైలు మార్గం కూడా ఆ దశకంలోనే పడింది. కోడూరు, గర్భాం గనుల పేర్లు భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళకు మీకంటే ఎక్కువ తెలుసు. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి ఒక రాయికి కోడూరు పేరు మీద కోడూరైట్ అని పేరు పెట్టాడు. మీ ఊరి పక్క పల్లె పేరు ప్రపంచంలో రాళ్ళ గురించి రాసే వాళ్ళందరి నోటా పలుకుతుంది, మనకు మాత్రం అది బస్సు ఆగే చోటు.

మాంగనీసు కోసమే వేసిన దారి అనలేను గానీ, మాంగనీసును తలచుకుంటూ వేసిన దారి ఒకటి మీ కళ్ళ ముందే ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1909 నాటికే వచ్చింది. అక్కడి నుంచి కొండలు దాటి రాయపూర్ దాకా పూర్తయ్యేసరికి 1931 అయింది. మరో రెండేళ్ళకు, 1933లో, విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసును దగ్గరి దారిలో సముద్రానికి చేర్చడం ఆ రేవు కట్టడంలో ఉన్న ముఖ్యమైన ఆలోచనల్లో ఒకటి. నింపిన బండి ఎటు వెళ్ళిందన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు సముద్రం.

గరివిడి స్టేషను దగ్గర ముడి ఖనిజం ఎక్కించేటప్పుడు మీరు చూసే ఉంటారు. వ్యాగన్ అడుగున కొద్దిగా పోసి వదిలేసినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు "అయ్యో, సగం కూడా నింపలేదు" అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, బొగ్గు ప్రాంతం నుంచి వచ్చిన కళ్ళు కదా. బొగ్గు తేలిక, అంచు దాకా పోస్తే గానీ బరువు రాదు. మాంగనీసు దానికి రెండు మూడు రెట్లు బరువు. వ్యాగన్ ఖాళీగా కనిపిస్తున్నప్పుడే పట్టాల కింద అడ్డంగా వేసిన దుంగ, అదే స్లీపరు, నలుగుతుంది.

సైడింగుల విషయానికి వస్తాను. గనికీ పెద్ద లైనుకూ మధ్య వేసే చిన్న దారిని సైడింగ్ అంటారు. గని ఆగిపోతే పట్టాలను పీకి పాత ఇనుముగా అమ్మేస్తారు, స్లీపర్లు ఎవరింటికో దూలాలవుతాయి, కంకరను ఊరివాళ్ళు రోడ్లకు మోసుకుపోతారు. గట్టును మాత్రం ఎవరూ మోసుకుపోలేరు. వెతకవలసింది దాన్నే. కానీ మన పొలాల మధ్య గట్లకు కొదవా? చెరువు కట్ట, కాలువ గట్టు, బండి బాట, అన్నీ ఉన్నాయి. తేడా ఇలా పట్టుకోండి. బండి బాట వాగు దగ్గరికి రాగానే దిగి, అవతల ఎక్కుతుంది. రైలు గట్టు దిగదు, ముందు నుంచే ఎత్తు పెంచుకుంటూ వచ్చి తూము మీదుగా దాటిపోతుంది. కాలువకు రెండు గట్లు, మధ్యన పల్లం. రైలుకు ఒకటే గట్టు, రెండు పక్కలా పల్లం. చెరువు కట్ట పల్లపు వైపున నీళ్ళను ఆపడానికి వంగుతుంది, దాని రెండు కొసలూ మెరకలో కలిసిపోతాయి. రైలు గట్టు మెరక తగలగానే ఆగదు, అక్కడే కోత మొదలవుతుంది. గట్టు, కోత, మళ్ళీ గట్టు. ఇది కనిపిస్తే ఇక అనుమానం వద్దు. పై వెడల్పు కూడా కొలవండి. గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. పెద్ద గేజి గట్టు పైన సుమారు ఆరు మీటర్లుంటే, చిన్న గేజిది అందులో దాదాపు సగం.

గట్టుకు రెండు పక్కలా ఉండే పల్లపు గుంటలే నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు. గట్టు పోయడానికి మట్టి అక్కడి నుంచే తవ్వారు. అందుకే అవి వరసగా, పొడవుగా, గట్టుతో పాటే సాగుతాయి. ఎండాకాలంలో ఎవరూ పట్టించుకోరు. అక్టోబరులో వానలు వెనకపట్టాక వెళ్ళండి. గుంటల్లో నీళ్ళు నిలిచి, కలువలు పూసి, పొలాల మధ్య ఎవరో అద్దాలు వరసగా పేర్చినట్టు ఉంటుంది. గట్టును దున్నేసిన చోట కూడా ఆ నీటి వరస దారి ఎటు పోయిందో చెప్పేస్తుంది. ఉపగ్రహ పటంలో అదే నెల చిత్రాలు దొరికితే ఇంట్లో కూర్చునే సగం పని అయిపోతుంది. భారత సర్వే సంస్థ పాత పటాలు సంపాదించగలిగితే, విజయనగరం చుట్టుపక్కల ప్రాంతం 65 ఎన్ పటాల్లో, శ్రీకాకుళం జిల్లా నౌపడ వైపు 74 బి పటాల్లో ఉంటుంది.

తూములను వదలకండి. పాత తూము ఇటుక కమాను, సున్నం పని. కొన్నిటికి పక్క గోడ మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంటుంది. గట్టు ఎక్కి దాటిపోకుండా పక్క నుంచి దిగి కమానును చూడండి. ఒక మేస్త్రీ చెక్క చట్రం మీద ఇటుకలు పేర్చి, మధ్య ఇటుక దిగ్గొట్టాక చట్రం లాగేసిన క్షణం అందులో అలాగే ఉండిపోయింది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కొత్త సిమెంటు తూములకు ఎన్నిసార్లు మరమ్మతు రాశానో లెక్కలేదు. సున్నపు కమానులకు రాసింది చాలా తక్కువ. మా పై అధికారులకు ఈ మాట నచ్చేది కాదు.

ఇక రాజుగారి రైలు. మీ మనవడితో వెళ్ళదగినది ఇదేనని నా అభిప్రాయం, గనితో సంబంధం లేకపోయినా. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన పట్టణాన్ని నౌపడ దగ్గర పెద్ద లైనుతో కలపడానికి దాదాపు ఏడు లక్షల రూపాయలు పెట్టి చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి పదేళ్ళు నష్టమే. లాభాల ముఖం చూశాక 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం మన వైపు, ఆ పైన ఒడిశా. 2004 జూన్‌లో పెద్ద గేజికి మార్చడం కోసం ఆపేశారు. పర్లాకిమిడి దాకా 2010 ఆగస్టులో, గుణుపురం దాకా 2011 జూలైలో పెద్ద బండి వచ్చింది.

ఆపేయడానికి ముందు ఏడాది సంక్రాంతికి నేను అందులో టెక్కలి నుంచి పాతపట్నం వెళ్ళాను, పని మీద కాదు, టికెట్ కొనుక్కుని. కళ్ళాల్లో నూర్పులు జరుగుతున్నాయి. ఎగిరిన పొట్టు బోగీలోకి వచ్చి అందరి తలల మీదా వాలింది. దులుపుకున్నవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ లైను మీద పెద్ద బండ్లు నడుస్తున్నాయి, కాబట్టి పట్టాల మీద నడక కుదరదు. కానీ పట్టాలవాడిగా ఒక చిట్కా చెబుతాను. చిన్న బండి పదునైన మలుపు తిరగగలదు, పెద్ద బండి తిరగలేదు. గేజి మార్చేటప్పుడు అలాంటి మలుపును సరిచేస్తే, పాత దారి కొత్త దాని పక్కన విల్లులా వంగి మిగిలిపోతుంది. అలాంటి విల్లులను పటంలో వెతకండి. దొరికితే రోడ్డు మీదుగా అక్కడికి వెళ్ళి చూడండి. ఏమీ దొరకకపోయినా నౌపడ ప్రయాణం వృథా కాదు. ఉప్పు మడులున్నాయి. కొద్ది దూరంలో తేలినీలాపురంలో చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద కాపురం ఉంటాయి. మనవడికి పాత తూము కంటే అవే నచ్చుతాయేమో, అదీ న్యాయమే.

బొబ్బిలి–సాలూరు కొమ్మ గురించి చాలామంది అడుగుతారు. రైలుబస్సు తిరిగిన లైను కాబట్టి అందరికీ దాని మీద ప్రేమ. బండి ఎప్పుడో గానీ కనిపించదు గనుక వదిలేసిన దారి అనుకుని పట్టాల మీద షికారు వెళ్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పట్టాలు ఉన్నంతకాలం అది బతికున్న లైనే. ట్రాలీ రావచ్చు, ఇంజను ఒక్కటే రావచ్చు, వాటికి టైంటేబుల్ ఉండదు. పైగా రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పట్టాలు తీసేసిన స్థలం కూడా చాలాచోట్ల ఇంకా రైల్వేదే. ఆ పరిధిలో అయితే దగ్గరి స్టేషను మాస్టరును, గని పరిధిలో అయితే అక్కడి మేనేజరును అడగండి. పెద్దవారు, మాస్టారు, మనవడికి చూపిస్తానంటే చాలామంది కాదనరు. కాదంటే వెనక్కి రండి.

జాగ్రత్తల్లో పాములు, ఎండ, నీళ్ళ సీసా మీకు చెప్పనక్కరలేదు. కంకర కుప్పల మీద చెయ్యి పెట్టి కూర్చోవద్దు, అంతే. నేను భయపడేది నేలకు.

ఆద్రాలో ఉన్నప్పుడు ఒక వానాకాలం రాత్రి గస్తీ మనిషి లాంతరు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, లైను మెత్తగా ఉందని చెప్పాడు. మెత్తగా అన్న మాటే వాడాడు. తెల్లవారి చూస్తే ఒకచోట జానెడు కుంగింది. కింద ఎప్పుడో తవ్విన గని. పైకప్పు నిలవడానికి బొగ్గునే స్తంభాలుగా వదిలి తవ్వుతారు. చివర్లో ఆ స్తంభాలనూ కోసుకుంటారు. ఖాళీని ఇసుకతో నింపాలి, నింపకపోతే ఏదో ఒకనాడు పైన నేల కూర్చుంటుంది. మేం కంకర పోసి ఎత్తాం, పది రోజులకు మళ్ళీ కుంగింది, మళ్ళీ ఎత్తాం. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల వైపు అయితే 1916 నుంచి భూమి లోపల బొగ్గు మండుతూనే ఉంది. ఆ మంట భయంతోనే 2017 జూన్‌లో ధన్‌బాద్–చంద్రపురా లైనును మొత్తం ఆపేశారు. దాదాపు రెండేళ్ళ తర్వాత గానీ బండ్లు తిరగలేదు. డర్హాంలో మీరు నిశ్చింతగా నడిచారంటే, మూసిన గని నోళ్ళు ఎక్కడున్నాయో లెక్క రాసి, కప్పి, చూసుకునే ప్రభుత్వ సంస్థ ఒకటి అక్కడ ఉండబట్టే.

మన మాంగనీసు గనులు ఎక్కువగా పైనుంచి తవ్వినవి, కాబట్టి కింద మంట లేదు, డొల్ల భయం తక్కువ. ప్రమాదం గుంటలది. వదిలేసిన గుంటలో నీళ్ళు నిలిచి పచ్చగా, చెరువులా కనిపిస్తుంది. చెరువుకు మెల్లగా దిగే ఒడ్డు ఉంటుంది, గని గుంటకు ఉండదు. ఒక్క అడుగు తప్పితే ఆ తర్వాతి అడుగుకు నేల అందదు. గట్టు కూడా మెత్తని మట్టి, అంచు విరిగి జారుతుంది. ఈత బాగా వచ్చిన పిల్లలే అక్కడ ఎక్కువగా ప్రమాదంలో పడతారు. మనవడి చెయ్యి పట్టుకోవడం కాదు, గుంట అంచుకు ఇరవై అడుగుల దూరంలోనే ఉండిపోండి. తవ్విపోసిన కుప్పలు ఎక్కనివ్వకండి. నల్లరాయి చేతికి మసి అంటించి వదలదు, దాని మీద పెద్దగా భయం అక్కరలేదు, తినేముందు చేతులు కడిగించండి.

దారిలో పాత ఫిష్ ప్లేటు (రెండు పట్టాలను కలిపి బిగించే ఇనుప బద్ద), మేకు లాంటివి కనిపిస్తే ఫోటో తీసుకుని అక్కడే వదలండి. రైల్వే ఆస్తి ఇంట్లో దొరికితే దానికి 1966 నాటి చట్టం వేరే ఉంది. జ్ఞాపకంగా తెచ్చుకున్నామంటే వినరు. పట్టా ముక్క ఏదైనా ఇంటి గేటుకు స్తంభంగా నిలబడి కనిపిస్తే మాత్రం దాని నడుము భాగం చూడండి. చాలా పట్టాల మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. ఇంటివాళ్ళకు కూడా తెలిసి ఉండదు.

మీ మనవడికి ఒక పని అప్పజెప్పండి. తాపీ మేస్త్రీలు వాడే సన్నని పారదర్శక గొట్టం పన్నెండు మీటర్లు కొనండి. నీళ్ళు నింపి, సమాన ఎత్తున్న రెండు కర్రలకు రెండు కొసలూ కట్టండి. గట్టు మీద పది మీటర్ల దూరంలో మీరొకరు, వాడొకడు కర్రలు నిలబెట్టండి. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో ఉంటాయి. ఆ మట్టం దగ్గర కర్రల మీద సుద్దతో గీత గీయండి. నేల నుంచి ఆ గీతల ఎత్తులో తేడా పది సెంటీమీటర్లు వస్తే వాలు ఒకటికి వంద, అయిదు వస్తే ఒకటికి రెండు వందలు. నాలుగైదు చోట్ల కొలవండి, మట్టి అక్కడక్కడ జారి ఉంటుంది కనుక ఒక్క కొలతను నమ్మవద్దు. నేల నుంచి గీత ఎక్కువ ఎత్తున ఉన్న కర్ర ఎటువైపు ఉందో, పల్లం అటు. నింపిన బండి ఎటు వెళ్ళిందో అప్పుడు వాడినే చెప్పమనండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా మాత్రం చూసుకోండి, ఒక్క బుడగ చాలు, బండి కొండెక్కినట్టు చూపిస్తుంది.